చెప్పులరిగేలా తిరిగితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: 1994లో బయోడేటా పట్టుకుని మిల్లుల చుట్టూ తిరిగి గుమస్తాగా చేరాను. మా అబ్బాయి నిరుడు బీకాం కంప్యూటర్స్ పూర్తిచేశాడు. పది చోట్ల తిరగమంటే వినడు, రోజంతా ఫోనులోనే దరఖాస్తులు పెడుతుంటాడు. ఎంప్లాయ్‌మెంట్ కార్డు కూడా రెన్యువల్ చేయించలేదు. బయోడేటా జతచేస్తున్నాను. తప్పు ఎవరిది?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, ముందు కార్డు సంగతి. ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తెలియజేయాలని 1959 నాటి చట్టం చెప్పిందే గాని, అక్కడ నమోదైన వారినే తీసుకోవాలని ఏనాడూ చెప్పలేదు. కార్డు ఉంటే ఉండనివ్వండి, దాని మీద ఆశ పెట్టుకోకండి. కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి. అందుకు రూపాయి కట్టనక్కర్లేదు.

మీరు పంపిన బయోడేటా చూసి మనసు చివుక్కుమంది. మొదటి పేజీ నిండా తండ్రి పేరు, మతం, కులం, వివాహ స్థితి. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ నేర్చుకున్న సంగతి రెండో పేజీ అడుగున ఒక్క ముక్కలో ఉంది. పైగా అది ప్రింటు తీసిన కాగితానికి ఫోనుతో తీసిన ఫొటో. ఒక మూల వేలి నీడ పడి పాసైన సంవత్సరమే కనబడటం లేదు. పెద్ద సంస్థల్లో దరఖాస్తులను ముందుగా కంప్యూటరే వడపోస్తుంది. ఇలాంటి ఫొటోలో అక్షరాలను అది సరిగా చదవలేకపోవచ్చు. మీవాడి చేతిలో ఫోను కొత్తదే, అందులో పంపుతున్నది మాత్రం మీ కాలపు కాగితం. టైపు చేసిన పీడీఎఫ్, ఒకే పేజీ, చేయగలిగిన పనులు పైన ఉండాలి.

ఇక తిరగడం. పెద్ద కంపెనీ గేటు దగ్గర ఇచ్చిన కాగితం లోపలిదాకా వెళ్లదు, అక్కడ మీవాడి మాటే నిజం. కానీ మిర్చి యార్డు కమీషన్ దుకాణాలు, కోల్డ్ స్టోరేజీలు, ఆడిటర్ల ఆఫీసులు చాలావరకు ప్రకటనలు ఇవ్వవు, తెలిసినవారి మాట మీద పిలుస్తాయి. మిల్లులో ఇన్నేళ్లు లెక్కలు రాసిన మీకు అక్కడ పరిచయాలు లేకుండా ఉండవు. మీ అబ్బాయికి అసలైన ఆస్తి అదే! అయితే ‘మావాడికి ఏదైనా చూడండి’ అని అడగకండి. ‘చూద్దాం లెండి’ అంటారు, అంతటితో సరి. ‘జీఎస్టీ రిటర్నులు, ఈ-వే బిల్లులు నేర్చుకున్నాడు, ఒక నెల మీ దగ్గర కూర్చోబెట్టుకుని చూడండి’ అనండి. ఆ మాట నిజం కావాలంటే ముందు అతను అవి నేర్చుకోవాలి. ట్యాలీలో ఎంట్రీలు వేయడం ఒక్కటే చాలదు, బ్యాంకు స్టేట్‌మెంటుతో ఖాతా సరిపోల్చడం కూడా రావాలి.

ఉద్యోగం ఇస్తామని ముందుగా డిపాజిట్ అడిగేవారు మోసగాళ్లే. ఇప్పటికే ఆన్‌లైన్‌లో కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆడిటర్లను ఎప్పుడు కలవాలో కూడా చెబుతాను. నెలవారీ రిటర్నులు వేసే వ్యాపారులకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11వ తేదీ, పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బి గడువు 20వ తేదీ. ఆ రోజుల్లో వాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు. 21 దాటాక ఒక సాయంత్రం మీవాణ్ని వెంటబెట్టుకుని వెళ్లండి. పరిచయం చేసి మీరు బయటికి వచ్చేయండి, మిగతాది అతన్నే మాట్లాడనివ్వండి.