ఆడపిల్ల డీజే వేస్తే పేరు పోతుందా?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి. డిగ్రీ ఫైనల్ ఇయర్. ఇంట్లో లాప్‌టాప్ మీద హౌస్ మ్యూజిక్ (క్లబ్బుల్లో వాయించే డాన్స్ సంగీతం) మిక్స్ చేయడం నేర్చుకుంటున్నా. పెళ్లిళ్లకి డీజే పెట్టే అన్నని ఒక్క ఛాన్స్ అడిగితే ‘ఆడపిల్లల పని కాదులేమ్మా’ అని పంపేశాడు. నాతో నేర్చుకునే ఫ్రెండ్ గే. వాడితో తిరిగితే నా పేరు పోతుందని అమ్మకి ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లీ, నువ్వు నేర్చుకుంటున్న సంగీతమే నీ ఫ్రెండ్ లాంటివాళ్ల మధ్య పుట్టింది. చికాగోలో 1977లో తెరిచిన వేర్‌హౌస్ క్లబ్‌లో డీజే ఫ్రాంకీ నకల్స్ నల్లజాతి గే. వేరేచోట రానివ్వని కుర్రాళ్లు తెల్లవార్లూ అక్కడ ఆడేవాళ్లు, హౌస్ అలా వచ్చింది. ఆడవాళ్ల సంగతంటావా, 1992లోనే డీజేల పత్రిక డీజే మ్యాగ్ స్మోకిన్ జో అనే మహిళని నంబర్ వన్ డీజేగా ఎంచింది. చికాగోలోనే పుట్టిన హనీ డిజాన్ ట్రాన్స్ మహిళ, ఇవాళ ప్రపంచమంతా తిరిగి వాయిస్తోంది.

గంగమ్మ జాతరలో మగవాళ్లు మొక్కు కోసం చీర కట్టి, పూలు పెట్టుకుని, పలకల మోతకి ఆడుతుంటే దండం పెట్టే ఊరు మనది, అదే మనిషి మామూలు రోజున చీరలో బస్టాండుకి వస్తే వెంటపడి ఏడిపించేదీ మనమే, నాకు కడుపు మండేది అక్కడే.

అమ్మకి నెమ్మదిగా చెప్పు, 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు పెద్దవాళ్లు ఇష్టపడి పెట్టుకునే గే సంబంధం నేరం కాదని తేల్చేసింది. అన్నట్టు, వాడు గే అని అమ్మకి చెప్పే ముందు వాడిని అడిగావా? ఎవరికి చెప్పాలో వాడిష్టం, ఇకమీదట గుర్తుంచుకో.

పని మాత్రం గట్టిగా నేర్చుకో. రెండు పాటల వేగాన్ని తనంతట తానే కలిపే సింక్ బటన్ ఆపేసి, హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని, రాబోయే పాట కిక్ (డ్రమ్ దెబ్బ) స్పీకర్‌లో మోగుతున్న పాట కిక్‌తో కలిసేదాకా వేగం మార్చే పిచ్ స్లైడర్ కొంచెం కొంచెం జరుపు. మొదట్లో రెండు కిక్‌లూ విడివిడిగా తడబడతాయి, కలిసిన క్షణం నీకే తెలుస్తుంది. అరగంట మిక్స్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అదే అన్న దగ్గరికి వెళ్లి పెద్ద స్పీకర్ మీద పెట్టమను. అప్పుడూ కాదంటే కాలేజీ ఫెస్ట్ చూసుకో. అడ్వాన్స్ తీసుకోకుండా ఒప్పుకోకు, రాత్రి ఇంటికి ఎలా వస్తావో ముందే మాట్లాడుకో, డాన్స్ చేసేవాళ్ల వీడియోలు అడగకుండా తీయొద్దని మైక్‌లో నువ్వే చెప్పు.