తలగడ పక్కన మరమరాల డబ్బా

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్ చేసింది. ఏడో వారమట, మంచినీళ్లు కూడా ఇమడటం లేదట. ఆకలేసినప్పుడు తిందాంలే అని మాత్రం కూర్చోకు. వేవిళ్లప్పుడు కడుపు ఖాళీ అయితే ఆకలి రాదు, వాంతి వస్తుంది. రాత్రే తలగడ పక్కన చిన్న డబ్బాలో మరమరాలో, రస్కులో పెట్టుకో. మెలకువ రాగానే పళ్లు తోమడానికి పరిగెత్తకుండా, నాలుగు నోట్లో వేసుకుని, పావుగంట అలాగే పడుకుని మెల్లగా లే. ఆ తర్వాత రెండు గంటలకోసారి గుప్పెడు తింటే చాలు. నీళ్లు అన్నంతో పాటు కాక, మధ్యమధ్యలో గుటక గుటకగా తాగు. ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు, పల్చటి మజ్జిగ చల్లగా ఉంటే గొంతు దిగుతాయి. చిన్న అల్లం ముక్క మరిగించిన నీళ్లు కూడా కొందరికి పడతాయి, నాకు పడలేదు.

నాకు పోపు వాసనే శత్రువు. ఆవాలు చిటపటమంటే చాలు, పెరట్లోకి పరుగు. నేను వేషాలు వేస్తున్నానని మా అత్తగారు అనుకునేవారు. నువ్వు అల్లుణ్ణి పోపు పెట్టమని, గది తలుపు వేసుకో. వేడన్నం వాసన పడకపోతే చల్లారిన పెరుగన్నం తిను. ఇద్దరికి సరిపడా తినాలని ఎవరైనా అంటే ఊఁ కొట్టి ఊరుకో, ఇప్పుడు ఇమిడిందే మంచి తిండి. ఐరన్ మాత్ర వల్ల వికారం పెరుగుతుంటే ఏం చేయాలో డాక్టర్నే అడుగు, ఫోలిక్ యాసిడ్ మాత్రం మానకు.

కడుపుతో ఉండగా మందులేంటని మీ అమ్మ అంటుంది. వాంతులు తగ్గడానికి విటమిన్ బి6, డాక్సిలమైన్ అనే మందు కలిసిన మాత్ర గర్భిణులకు ఏళ్ల తరబడి ఇస్తున్నదే. షాపులో అడిగి కొనొద్దు, డాక్టర్ రాస్తే భయపడకుండా వేసుకో. నా రెండో కాన్పప్పుడు వేవిళ్లేగా అని మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు కళ్లు తిరిగి పడితే సెలైన్ ఎక్కించారు. ఆ ఓర్పు నీకొద్దు. ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొంచెమే వస్తున్నా, బరువు తగ్గుతున్నా, వాంతిలో రక్తం కనిపించినా, జ్వరమో కడుపునొప్పో ఉన్నా అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లండి.

ఈ వికారం తొమ్మిదో వారం దగ్గర మరీ ఎక్కువగా ఉంటుంది. చాలామందికి 12 నుంచి 16 వారాల మధ్య తగ్గిపోతుంది, కొందరికి 20 దాకా సాగుతుంది.

ఆదివారం మీ పెదనాన్న అటు వస్తున్నారు, మరమరాలు, ఎండు ఉసిరి పంపిస్తున్నా. డబ్బా తలగడ పక్కన పెట్టావో, వంటింట్లోనే వదిలేశావో సోమవారం ఫోన్ చేసి అడుగుతా.

మీ పెద్దమ్మ