ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు న్యూయార్క్‌లో చూపించాల్సిన ఇల్లు

టైమ్స్ స్క్వేర్, లిబర్టీ విగ్రహం అయిపోయాయి, వ్యవసాయం చేసుకునే అమ్మానాన్నలకు ఇంకేం చూపించాలి అని అడిగారు. డైక్‌మన్ ఫార్మ్‌హౌస్‌కి తీసుకెళ్లండి. మన్‌హాటన్ ఉత్తరం కొసన, ఇన్‌వుడ్‌లో, బ్రాడ్‌వే 204వ వీధి దగ్గర ఉంటుంది.

చుట్టూ అపార్ట్‌మెంట్లు, కింద బస్సుల రొద. కాస్త ఎత్తు మీద రాయి, ఇటుక, తెల్లటి చెక్కతో కట్టిన ఇల్లు. ముందు పొడవాటి వసారా. లోపలికి అడుగు పెట్టకముందే మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న "పొలం ఏదిరా?" అని. ఒకప్పుడు ఈ ఇంటివాళ్లు, డైక్‌మన్ కుటుంబానికి 250 ఎకరాలకు పైగా ఉండేది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇల్లొదిలి వెళ్లినవాళ్లు 1783లో తిరిగొచ్చేసరికి పాత ఇల్లూ, పండ్ల తోటలూ నాశనమైపోయాయి. 1784 ప్రాంతంలో విలియం డైక్‌మన్ మళ్లీ కట్టుకున్న ఇల్లు ఇది. ఆ తర్వాత భూమి అమ్ముడుపోయింది, 1906లో సబ్‌వే వచ్చింది, పొలాలన్నీ బిల్డింగులయ్యాయి. పాడుబడ్డ ఈ ఇంటిని 1915లో ఆ వంశపు అక్కచెల్లెళ్లు ఇద్దరు కొని, బాగు చేయించి, నగరానికి ఇచ్చేశారు. 1916 నుంచి మ్యూజియం. ఈ కథ చెబుతుంటే నాన్న మాట్లాడలేదు. మా ఊళ్లో కూడా చెరువు కింద పొలాలు ప్లాట్లయ్యాయి మరి.

పైన గదులు బాగానే ఉంటాయి, కానీ అసలు చూడాల్సింది కింద ఉన్న చలికాలపు వంటిల్లు. పెద్ద పొయ్యి, నల్లటి ఇనప సామాను. అమ్మ అక్కడే ఆగిపోయింది. నాన్న మాత్రం కొండరాయి బయటపడి ఉన్న చోట వంగి, ఏదో పరీక్షగా చూస్తున్నాడు. రాతి మీద చెక్కిన గీతలు: ఒకదానిలో ఒకటి మూడు చతురస్రాలు, మధ్యలో కలుపుతూ అడ్డగీతలు.

"ఒరేయ్, ఇది దాడి ఆట కదరా!"

నిజంగా అదే. మా తాతయ్య వాళ్ల అరుగు మీద సుద్దతో గీసుకుని, చెరో తొమ్మిది పిక్కలతో ఆడేవాళ్లమే, ఆ ఆట. మూడు వరసగా పడితే దాడి, అవతలివాడి పిక్క ఒకటి పోయినట్టే. నాన్న గాలిలోనే వేలితో ఎత్తులు వేసి చూపించాడు.

ఆ వంటింట్లో చాకిరీ చేసినవాళ్లలో బానిసలుగా ఉంచిన నల్లజాతి మనుషులు కూడా ఉన్నారు. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా పోయింది 1827లో. మ్యూజియం వాళ్లు ఇప్పుడు ఆ మనుషుల చరిత్రను కూడా వెతికి చెబుతున్నారు. అడగండి, వివరంగా చెబుతారు. అమ్మానాన్నలకు తెలుగులో మీరే విడమరిచి చెప్పాలి, దాటేయకండి.

'A' అనే సబ్‌వే ట్రైన్ ఎక్కి 207వ వీధి స్టేషన్‌లో దిగితే కొద్ది నడక. న్యూజెర్సీ నుంచి కారులో అయితే జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి దాటి వెళ్లొచ్చు గానీ పార్కింగ్ టెన్షన్ ఉంటుంది. రోజూ తెరవరు, ముందు రోజు చూసుకుని బయల్దేరండి. కిందికి దిగే మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులుంటే చెయ్యి పట్టుకోండి. వెనక తోటలో బెంచీ మీద పులిహోర తిందామని అమ్మ ముందే కట్టి తెచ్చింది. మేము లేచేసరికి రెండు గంటలు దాటింది.