నల్గొండలో మా కాలనీ ఇళ్ల మధ్య ప్లాటును ఫంక్షన్ హాల్ కోసం కమర్షియల్ చేస్తారట, ఆపగలమా?

ఆపొచ్చు, కానీ హాలు లేచాక కాదు. ముందు మున్సిపల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో, మాస్టర్ ప్లాన్ ప్రకారం ఆ సర్వే నంబర్ ఏ జోన్‌లో (ఇళ్లకా, కమర్షియల్‌కా) ఉందో చూడండి. చూపించకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. జోన్ మార్చాలంటే ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు, అసలు పట్టు అక్కడే, ఆ గడువు దాటిందంటే మన మాట వినేవాడుండడు. ఊరికే "మాకు ఇష్టం లేదు" అని రాస్తే బుట్టదాఖలే. రోడ్డు ఎన్ని అడుగులు, బండ్లు ఎక్కడ పెడతారు, ఫైరింజన్ తిరుగుతుందా, డ్రైనేజీ ఆగుతుందా అన్నవి ఫొటోలతో సహా రాసి, ఇంటికో సంతకం పెట్టించి ఇచ్చి, రసీదు తీసుకోండి. పర్మిషన్ లేకుండానే పునాదులు తీస్తుంటే కమిషనర్‌కు రాసి, సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలోనూ ఇవ్వండి.