అరవై ఏళ్లు దాటిన కెన్ బార్లో, కృష్ణానగర్ సందేహాలు

సీరియల్ నటన గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం బ్రిటన్ నటుల గురించి, సగం మన యూసఫ్‌గూడ, కృష్ణానగర్ కష్టాల గురించి. రెండింటికీ సంబంధం ఉంది కాబట్టి కలిపే జవాబిస్తున్నాం.

మా మనవరాలు మాంచెస్టర్‌లో చదువుతోంది. అక్కడ ఒక సీరియల్‌లో ఒకాయన 1960 నుంచీ అదే వేషం వేస్తున్నాడట. మన దగ్గర వెయ్యి ఎపిసోడ్లకే పెద్ద కేకు కోస్తారు కదా, ఇది నమ్మొచ్చా? ఎవరాయన?
– ఒక పాఠకురాలు, నల్లకుంట

నమ్మొచ్చండీ. ఆయన పేరు విలియం రోచ్. సీరియల్ పేరు ‘కొరొనేషన్ స్ట్రీట్’, ఆయన పాత్ర కెన్ బార్లో. మొదటి ఎపిసోడ్ 1960 డిసెంబర్ 9న ఐటీవీ అనే బ్రిటన్ ఛానల్‌లో వచ్చింది. కెన్ బార్లో అందులోనే ఉన్నాడు. తీసిన సంస్థ గ్రెనడా టెలివిజన్. రాసిన టోనీ వారెన్‌కి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. సంస్థ మొదట ఒప్పుకున్నది పదమూడు ఎపిసోడ్లకే. ఆ సీరియల్ 2020 ఫిబ్రవరి 7న పదివేలవ ఎపిసోడ్ చూపించింది.

రోచ్ 1932 ఏప్రిల్ 25న పుట్టారు, ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో, ఇల్కెస్టన్ అనే ఊళ్లో పెరిగారు. తండ్రి డాక్టరు. చదువయ్యాక సైన్యంలో చేరి కెప్టెన్ దాకా వెళ్లారు. మోర్టార్ పేలుడు దగ్గరగా తగిలి వినికిడి దెబ్బతింది. సైన్యం వదిలాకే నటనలోకి వచ్చారు, చిన్నాచితకా వేషాలు వేశారు, ఆ తర్వాత కెన్ దొరికాడు.

ఆ మొదటి ఎపిసోడ్ దొరికితే ఒక్క సీను శ్రద్ధగా చూడండి. కెన్ కాలేజీ కుర్రాడు, నాన్న పోస్టాఫీసు ఉద్యోగి. రాత్రి భోజనాల బల్ల మీద సాస్ సీసా ఉంటుంది. దాన్ని చూసి కెన్ మొహం కొంచెం చిట్లిస్తాడు, నాన్న పట్టేస్తాడు. తర్వాత కాలేజీ స్నేహితురాలు ఇంటికొచ్చే వేళకి నాన్నా తమ్ముడూ ముందుగదిలోనే సైకిల్ పంక్చర్ వేస్తుంటారు. చదువుకున్న కొడుకు సొంతింటిని చూసి సిగ్గుపడటం, ఆ సిగ్గుకి మళ్లీ తనే బాధపడటం, రెండూ ఆ కళ్లలో ఉన్నాయి. చిక్కడపల్లిలోనో వరంగల్‌లోనో అలాంటి కుర్రాళ్లని మనం ఎంతమందిని చూడలేదు! ఆ పాత్ర ఇన్నేళ్లు నిలవడానికి పునాది అక్కడే పడిందని మా నమ్మకం.

తర్వాత కెన్‌కి జరగనిదంటూ లేదు. టీచరయ్యాడు, పత్రిక నడిపాడు. మొదటి భార్య వాలెరీ 1971లో హెయిర్ డ్రయ్యర్ ప్లగ్గు షాక్ కొట్టి చనిపోయింది. 1981 జూలై 27న డీడ్రీతో పెళ్లి జరిగింది, చార్లెస్ డయానాల పెళ్లికి సరిగ్గా రెండు రోజుల ముందు. కెన్ పెళ్లి ఎపిసోడ్‌ని రెండు కోట్ల నలభై లక్షల మందికి పైగా చూశారు. 1983లో డీడ్రీ మరొకరి వైపు మొగ్గి, చివరికి కెన్ దగ్గరే ఆగిపోయిన రాత్రి, మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫోర్డ్ ఫుట్‌బాల్ మైదానంలో మ్యాచ్ నడుస్తుండగా స్కోర్‌బోర్డు మీద ఆ కబురు వేశారు.

2010లో గిన్నిస్ వాళ్లు ఆయన్ని ప్రపంచంలోనే ఎక్కువ కాలం చేసిన సీరియల్ నటుడిగా గుర్తించారు. 2001లో ఎంబీఈ, 2022లో ఓబీఈ అనే బ్రిటన్ ప్రభుత్వ బిరుదులు వచ్చాయి. తొంభై దాటాక కూడా ఆ వేషం వదల్లేదు.

ఇన్నేళ్లు ఎలా సాధ్యమంటే, కథ నిర్మాణంలోనే కిటుకు ఉంది. అది ఒక కుటుంబం కథ కాదు, ఒక వీధి కథ. ఒక పబ్బు, కొన్ని దుకాణాలు, వరసగా ఇళ్లు. ఈ నెల కథ బార్లో ఇంట్లో నడిస్తే వచ్చే నెల ఎదురింట్లో నడుస్తుంది. అప్పుడు కెన్ వీధిలో ఎదురుపడి రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోతాడు, నటుడికి ఊపిరి దొరుకుతుంది. మన డైలీ సీరియల్‌లో హీరోయిన్ ప్రతి ఎపిసోడ్‌లో, దాదాపు ప్రతి సీన్‌లో ఉండాలి. మూడో ఏడాదికే ఆ అమ్మాయి అలిసిపోతే ఆ తప్పు ఆమెది కాదు.

యూసఫ్‌గూడలో ఉంటూ ఒక డైలీ సీరియల్‌లో తోడికోడలి వేషం చేస్తున్నాను. పొద్దున సెట్లో అడుగు పెట్టాకే పేజీలు చేతికొస్తాయి. ఇరవై నిమిషాల్లో కంఠతా రావడం లేదు, ప్రాంప్టింగ్ మీదే నెట్టుకొస్తున్నాను. అక్కడి వాళ్లు ఎలా గుర్తుపెట్టుకుంటారు?
– ఒక నటి, యూసఫ్‌గూడ

ముందు ఒక తేడా. అక్కడ మాట సెట్లోనే రికార్డవుతుంది. పక్కనుంచి ఎవరైనా అందిస్తే ఆ గొంతూ రికార్డయిపోతుంది, అందుకే ప్రాంప్టింగ్ కుదరదు. స్క్రిప్టు కూడా ముందే చేరుతుంది. మన దగ్గర డబ్బింగ్ తర్వాత చెప్పిస్తారు కాబట్టి అసిస్టెంట్ అందిస్తుంటే పెదవి కదిపితే చాలన్న అలవాటు పాతుకుపోయింది. దీనివల్ల నష్టపోయేది కళ్లు. చెవి అందించే గొంతు కోసం ఎదురుచూస్తుంటే చూపు ఆ వైపుకి ఒక్క క్షణం జారుతుంది. క్లోజప్‌లో ఆ క్షణం దాగదు. ఎదుటివాళ్ల మాట మీరు వినడం మానేస్తారు కాబట్టి రియాక్షన్ కూడా చచ్చిపోతుంది.

ఇరవై నిమిషాలు చాలు, సరిగ్గా వాడుకుంటే. మొదటి ఐదు నిమిషాలు బట్టీ పట్టొద్దు. సీనంతా, అందరి మాటలూ చదివి, ఇక్కడ నా పాత్రకి ఏం కావాలో ఒక్క ముక్కలో చెప్పుకోండి. తర్వాత మీ మాటల కింద కాదు, ఎదుటివాళ్ల మాటల్లో మిమ్మల్ని మాట్లాడించే పదం కింద గీత గీయండి. అత్త “నిన్న గుడికి వెళ్లలేదటగా?” అంటుంది. “వెళ్లాను అత్తయ్యా, తలుపులు వేసేశారు” అనేది మీ జవాబు. మీ గీత ‘గుడి’ కింద పడాలి. టేక్‌లో అత్త వేషం వేసినావిడ ఆ మాటని “గుడి మెట్లయినా ఎక్కావా?” అని మార్చినా మీరు తడబడరు. తమ మాటలు మాత్రమే బట్టీ కొట్టినవాళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు.

ఆ తర్వాత పేజీ వెనక మీ ప్రతి మాటకీ మొదటి అక్షరం మాత్రమే రాసుకోండి. వె, అ, త, వే. వాటిని చూస్తూ ఒకసారి, చూడకుండా ఒకసారి. మేకప్ కుర్చీలో కూర్చున్నప్పుడు ఎదుటివాళ్ల మాటల్ని ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డు చేసుకుని, మీ మాట పట్టేంత ఖాళీ వదిలి, ఇయర్‌ఫోన్‌లో వింటూ ఖాళీల్లో పెదవి కదపండి. చివర మూడుసార్లు గబగబా, ఎక్కాలు అప్పజెప్పినట్టు, ఏ భావమూ లేకుండా. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. ఏడుపు రాగంతో నేర్చుకున్న డైలాగు ఆ రాగంతోనే గుర్తుంటుంది. “ఏడవొద్దు, కోపంగా చెప్పు” అని డైరెక్టర్ అన్న మరుక్షణం మాట కూడా ఎగిరిపోతుంది. పొడిగా నేర్చుకున్నదాన్ని ఎలా అంటే అలా చెప్పొచ్చు.

ఎక్కువగా జారిపోయేవి పేర్లు, చుట్టరికాలు, తేదీలు, డబ్బు లెక్కలు. వాటిని విడిగా అరచేతిలో పట్టే చీటీ మీద రాసుకోండి.

ఇంకో మాట, మీరు అడక్కపోయినా. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. హాల్లో ఉన్న సీన్లన్నీ ఒకే రోజు తీసేస్తారు కదా. పొద్దున 212వ ఎపిసోడ్, మధ్యాహ్నం 209. నిజం మీకు 212లో తెలుస్తుంది. మధ్యాహ్నం మీ కళ్లలో ఆ నిజం ఇంకా ఉంటే 209 పాడైపోతుంది, ఎడిటింగ్‌లో ఎవరూ సరిచేయలేరు. అందుకని ప్రతి సీనుకీ ఒక వరస రాయండి: ఎపిసోడ్, సీన్ నంబరు, కథలో ఏ రోజు, ఇంతకుముందే ఏం జరిగింది, నాకు ఏం తెలుసు, ఏం తెలియదు, చీర, నగలు, బొట్టు. మాస్టర్ షాట్ (సీనంతా ఒకేసారి తీసేది) అయిన వెంటనే ఏ మాట దగ్గర కాఫీ కప్పు ఎత్తారో, ఏ చేత్తో ఎత్తారో కూడా. క్లోజప్ తీసేసరికి ఆ కప్పు సరిగ్గా అదే మాట దగ్గర లేవాలి. మాటలు మర్చిపోతే ఇంకో టేక్ ఉంటుంది. ఏం తెలుసో ఏం తెలియదో మర్చిపోతే పాత్రే పోతుంది.

ఏడుపు సీన్లకి గ్లిజరిన్ వేస్తే మా అమ్మాయికి సాయంత్రం దాకా కళ్లు ఎర్రగా ఉంటున్నాయి. వేరే దారి లేదా?
– ఒక తల్లి, మోతీనగర్

కంటి లోపల వేయడమే పొరపాటు. మెంథాల్ కలిపిన కర్ర దొరుకుతుంది. లిప్‌స్టిక్‌లా ఉంటుంది, కింది రెప్పకి దిగువన, ఎముక మీద సన్నగా రాస్తే ఆవిరికే నీళ్లొస్తాయి. రెప్ప అంచుకి తగలకూడదు. గ్లిజరిన్ వాడక తప్పకపోతే కన్నీరు జారిన చార కనిపించడానికి చెంప మీద ఒక చుక్క చాలు. కాంటాక్ట్ లెన్స్ తీసేయాలి. ఒకరి సీసాలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. మర్నాడు కూడా ఎరుపు తగ్గకపోతే కంటి డాక్టర్‌కి చూపించండి, షూటింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నేను విలన్ వేషం చేస్తాను. మోండా మార్కెట్‌లో ఒకావిడ కూరగాయల సంచితో కొట్టబోయింది. అక్కడి నటులకీ ఇలా ఉంటుందా?
– ఒక నటి, సికింద్రాబాద్

ఉంటుంది. పాత్రా మనిషీ ఒకటే అనుకోవడం అక్కడా ఉంది. 1998లో కథ ప్రకారం డీడ్రీ చేయని నేరానికి జైలుకెళ్తే ఆమెని విడిపించాలని జనం ఉద్యమం నడిపారు, ప్రధాని టోనీ బ్లెయిర్ కూడా దాని గురించి మాట్లాడారు.

దీని బాధాకరమైన వైపు రోచ్ అనుభవించారు. కెన్ ఎంత విసుగు పుట్టించే మనిషో ఆయనా అంతేనని ఒక పత్రిక రాసింది. ఆయన పరువునష్టం దావా వేసి 1991లో గెలిచారు, యాభైవేల పౌండ్లు వచ్చాయి. కానీ పత్రిక అంతకుముందే అంతే మొత్తం కోర్టులో కట్టేసి ఉంది. అక్కడి అప్పటి పద్ధతి ప్రకారం, కట్టినదానికన్నా ఎక్కువ తీర్పు రాకపోతే ఆపై ఖర్చులు దావా వేసినవాళ్ల మీద పడేవి. ఆ భారం ఆయన మీదే పడింది. తన లాయర్ల మీద వేసిన కేసూ నెగ్గలేదు, 1999లో దివాలా ప్రకటించాల్సి వచ్చింది. గెలిచిన కేసులో మునిగిపోయారు. మిమ్మల్ని ఎవరైనా తిడితే బాధ ఉంటుంది, కాదనం. చెయ్యి చేసుకుంటే మాత్రం పోలీసులకి చెప్పండి. మాటకి కోర్టు మెట్లెక్కే ముందు ఖర్చు ఎవరిదో లాయర్‌ని కాగితం మీద రాసివ్వమనండి.

సీరియల్‌లో ఉండిపోతే సినిమా అవకాశాలు పోతాయంటున్నారు. నాలుగేళ్లయింది. వదిలేయాలా?
– ఒక నటుడు, ఎస్సార్ నగర్

బెన్ కింగ్స్‌లీ 1960ల్లో ఇదే ‘కొరొనేషన్ స్ట్రీట్’లో చిన్న వేషం వేశారు. సారా లాంకషైర్ ఇందులో పబ్బులో పనిచేసే రాక్వెల్‌గా పేరు తెచ్చుకుని, వదిలేసి, ఇప్పుడు అక్కడి పెద్ద నటీమణుల్లో ఒకరయ్యారు. సురాన్ జోన్స్ నాలుగేళ్లు చేసి 2004లో వెళ్లిపోయి తర్వాత నాటకీయ పాత్రల్లో రాణించారు. మన మూలాలున్న జిమ్మీ హర్కిషన్ మాత్రం 1999 నుంచి దుకాణదారు దేవ్‌గా ఉండిపోయారు. వెళ్లినవాళ్లూ గెలిచారు, ఉన్నవాళ్లూ గెలిచారు. మా సలహా ఒక్కటే. వేరే పని చేతిలో లేకుండా వదలొద్దు. వదిలేటప్పుడు పాత్రని చంపేయమని అడగొద్దు, ఊరు పంపించమనండి. తిరిగి వచ్చే తలుపు మూసుకోనక్కర్లేదు.

అగ్రిమెంట్‌లో ఏం చూసుకోవాలి?
– ఒక కొత్త నటి, కూకట్‌పల్లి

రోజుకి ఎంత అన్నది అందరూ చూస్తారు. దానికన్నా ముందు, ఆ రోజంటే ఎన్ని గంటలో చూడండి. గంటలు రాయకపోతే రాత్రి పదకొండు కూడా అదే కాల్షీట్‌లోకి వస్తుంది. నెలకి కనీసం ఎన్ని రోజుల పని ఇస్తారు, వేరే ఛానల్‌లో చేయొచ్చా, చీరలు ఎవరివి, ఉతుకు ఖర్చు ఎవరిది, రాత్రి పూట ఇంటికి బండి ఉందా, ఎన్ని రోజుల్లో డబ్బు పడుతుంది, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఇవన్నీ రాతలో ఉండాలి, మేనేజర్ నోటిమాట పనికిరాదు.

మీ పేమెంట్‌లో పది శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. పాన్ ఇవ్వకపోతే అది ఇరవై అవుతుంది. కోసినది మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో మూడు నెలలకోసారి చూసుకోండి. ఇంకా ఒక డైరీలో తేదీ, సెట్లోకి వెళ్లిన టైము, ప్యాకప్ టైము రాసి, వీలైతే ఆ రోజే ప్రొడక్షన్ మేనేజర్‌కి వాట్సాప్‌లో పంపండి. నెలాఖరున పదిహేడు రోజులా, పదిహేనా అన్న వాదన వచ్చినప్పుడు ఆ మెసేజ్‌లు చూపించవచ్చు.