మా అబ్బాయికి మదర్‌బోర్డుల పిచ్చి: ఏ బ్రాంచ్‌లో చేర్పించాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరబోతున్నాడు. ఎప్పుడు చూసినా పాత కంప్యూటర్ విప్పి మదర్‌బోర్డు ముందేసుకుని కూర్చుంటాడు. ఇప్పుడు ఖరీదైన కొత్త బోర్డు కొనమంటున్నాడు. ఎలక్ట్రానిక్సే చదువుతాడట. అందరూ ఏఐ బ్రాంచ్ మేలంటున్నారు. చివరికి రిపేరు షాపులో తేలతాడేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది మంచిది?

జవాబు: బ్రాంచ్ గురించి అడిగే తల్లిదండ్రుల్లో చాలామందికి లోపల ఉండే బెంగ ఒకటే, పిల్లవాడు దారి తప్పుతున్నాడేమోనని. మీవాడు తప్పడం లేదండీ. ముందు మనసు కుదుటపరచుకోండి.

ఒక బోర్డుకీ ఇంకో బోర్డుకీ ధరలో అంత తేడా ఎందుకో వాణ్ణే అడగండి. వీఆర్ఎమ్ సంగతి చెబుతాడేమో చూడండి. పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసినట్టు ఒక వోల్టు దరిదాపులకు దించేది అదే. కరెంటు ఎక్కువ లాగే ప్రాసెసర్‌ను నాసిరకం వీఆర్ఎమ్ ఉన్న బోర్డులో పెడితే అది వేడెక్కిపోయి ప్రాసెసర్ నెమ్మదిస్తుంది. భాగాల మధ్య సమాచారం నడిపే చిప్‌సెట్, పొరలు ఎక్కువున్న పీసీబీ (భాగాలన్నీ అతికించే పలక), గ్రాఫిక్స్ కార్డులాంటివి పెట్టే కొత్త తరం పీసీఐఈ స్లాట్లు, వైఫై... వీటన్నిటికీ డబ్బవుతుంది. రంగు లైట్లకూ అవుతుంది, కానీ వాటివల్ల వేగం రాదు. ఈ తేడా విడమరిచి చెప్పాడంటే వాడు చదువుకుంటున్నట్టే. లైట్ల దగ్గరే ఆగిపోతే మాత్రం కొనకండి, మామూలు ప్రాసెసర్‌కు మధ్యరకం బోర్డు చాలు. కొనే ముందు ర్యామ్ కూడా సరిచూసుకోమనండి. డీడీఆర్4, డీడీఆర్5 అని ర్యామ్‌లో తరాలున్నాయి, డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు.

ఇక ఏఐ బ్రాంచ్. ఏఐ గొప్పదే. పేరులో ఏఐ తగిలించుకున్న డిగ్రీలంటేనే నాకు అనుమానం. సిలబస్ తెరిస్తే మామూలు కంప్యూటర్ సైన్స్‌కు కొన్ని సబ్జెక్టులు కలిపినవే తరచూ కనిపిస్తాయి. లెక్కలు, ప్రోగ్రామింగ్ గట్టిగా వచ్చినవాడు ఎలక్ట్రానిక్స్ చదివి కూడా ఏఐలోకి వెళ్లగలడు. అటు నుంచి ఇటు రావడమే కష్టం. సర్క్యూట్లు ల్యాబులో చేత్తో చేస్తేనే వస్తాయి. పైగా ఆ ఏఐ నడిచేది సర్వర్ బోర్డుల మీదే. వాటిని డిజైన్ చేసేవాళ్లు, వాటిలోనే ఇమిడి ఉండే ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు కావాలి కదా!

'అందరూ' అంటున్నారని రాశారు. వాళ్లలో ఒక్కరైనా మీ అబ్బాయి పక్కన కూర్చుని ఏం చేస్తున్నావురా అని అడిగారా? మీరు అడిగారా? రిపేరు షాపంటే మీకున్న చిన్నచూపు కూడా నాకు నచ్చలేదు. పని చేయని బోర్డులో షార్టయిన కెపాసిటర్‌ను వెతికి పట్టుకోవడానికి ఓపికా బుర్రా రెండూ కావాలి. దయచేసి ఆ మాట వాడి ముందు అనకండి.

ఒక్కటి మాత్రం చూసుకోండి. ఎలక్ట్రానిక్స్ నిండా లెక్కలే. బోర్డు విప్పడం ఇష్టమైనంత మాత్రాన అవీ ఇష్టమవుతాయని లేదు. లెక్కలంటే మరీ బెదిరితే మళ్లీ రాయండి, వేరే దారి చూద్దాం. లేదంటే వాడు కోరిన బ్రాంచ్‌లోనే చేర్పించండి. కొత్త బోర్డు మొదటి ఏడాది అయ్యాక చూడొచ్చు. ఇప్పటికి వోల్టులు, కరెంటు కొలిచే మంచి మల్టీమీటర్ ఒకటి కొనిపెట్టండి, ఆ పాత బోర్డు మీదే నేర్చుకోవాల్సింది ఇంకా చాలా ఉంది.