గుర్రాలకి గడియారం ఎందుకు?

ప్రశ్న: మొన్న వేసవిలో మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్తే, డెర్బీషైర్‌లో చాట్స్‌వర్త్ హౌస్ చూపించారు. కారు దిగి నడుస్తుంటే స్తంభాలు, పెద్ద కమాను, పైన గడియారం ఉన్న బిల్డింగ్ కనపడింది. డ్యూక్ గారి ఇల్లు ఇదే అనుకుని దాని ముందు పది ఫొటోలు దిగాను. తీరా చూస్తే గుర్రాల కొట్టమట! మా అల్లుడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. గుర్రాలకి అంత హంగు, పైగా గడియారం దేనికండీ?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అల్లుడు గారిని నవ్వుకోనివ్వండి. చూసినవాళ్ళు అలా అనుకోవాలనే కట్టారు దాన్ని. 1760 ప్రాంతంలో జేమ్స్ పెయిన్ అనే ఆర్కిటెక్ట్ గీసిన ప్లాన్ అది. ఒక్కో వైపు 190 అడుగులు, మధ్యలో ఖాళీ వాకిలి, 80 గుర్రాలకి చోటు, కమ్మరి కొలిమితో సహా. ఇప్పుడు మనవాళ్ళు ఇంటి ముందు నాలుగు కార్లు కనపడేలా నిలబెట్టుకోరూ, అదే యవ్వారం.

గడియారం మాత్రం పనివాళ్ళ కోసం. దాణా, నీళ్ళు, మాలీషు, బగ్గీ కట్టడం అన్నీ వేళకి జరగాలి, సాయీసుల దగ్గర వాచీలెక్కడివి? మన చౌమహల్లా ప్యాలెస్ గేటు మీద ఖిల్వత్ గడియారం చూసే ఉంటారుగా.

నన్నడిగితే ఇలాంటి తబేలాల్లో అసలు పనితనమంతా లోపలే. కిటికీలు గుర్రం తలకన్నా ఎత్తులో పెట్టేవారు, చలిగాలి నేరుగా ఒంటి మీద కొట్టకుండా, లోపలి ఘాటు మాత్రం పైనుంచి బయటికి పోయేలా (రేస్‌కోర్సు ఉన్న పేటలో ఉంటున్నారు, ఆ ఘాటేమిటో మీకు చెప్పక్కర్లేదు). నేల కాస్త వాలుగా ఉండి తడంతా కాలువలోకి పోతుంది. జీన్లు, కళ్ళేలు పెట్టే గదిలో మాత్రం నిప్పుగూడు ఉంటుంది, ఎందుకంటే వానాకాలంలో మన బీరువాలో తోలు చెప్పులకి పట్టే బూజే వాటికీ పడుతుంది. గడ్డి చాలాచోట్ల అటక మీద వేసి, కంతలోంచి కిందికి తోసేవారు. పని తేలికే, కానీ దుమ్మంతా గుర్రం కళ్ళల్లో పడేది, కింది ఆవిరికి పైన గడ్డి పాడయ్యేది, అదొక్కటి నాకు తెలివైన పనిలా అనిపించదు.

చాట్స్‌వర్త్‌లో ఆఖరి గుర్రాలు 1939లో వెళ్ళిపోయాయి, ఇప్పుడంతా హోటలూ షాపులే. అయినా ఒక గది తలుపు మీద ‘థర్డ్ పోస్టిలియన్స్’ అన్న అక్షరాలు మిగిలాయి. అంటే బండికి కట్టిన గుర్రం మీదే కూర్చుని తోలే కుర్రాళ్ళ గది. ఈసారి వెళ్తే వెతకండి, పదకొండో ఫొటో అక్కడ దిగొచ్చు.